బూడిదరంగు, బంగారురంగు: నగర జలవర్ణ చిత్రంలో భావస్థితి, స్మృతి

కరువును గీసిన బొమ్మను గూర్చి, సమ్మెను గీసిన బొమ్మను గూర్చి మాట్లాడడం ప్రగతిశీల విమర్శకుడికి తేలిక. 1943 బెంగాల్ కరువును చిత్తప్రసాద్ గీసిన రేఖల ముందు నిలబడితే ఏమనాలో వెతుక్కోనక్కరలేదు. వస్తువు ఎదురుగా ఉంది, చిత్రకారుడి పక్షం ఎదురుగా ఉంది. కాని ఒక వీధి, కాస్త పొగమంచు, నాలుగు దీపాలు, ఎవరివో తెలియని కొన్ని నీడలు మాత్రమే ఉన్న చిన్న నీటిరంగుల చిత్రం ఎదురైతే మన పరిభాష తడబడుతుంది. అప్పుడు విమర్శ సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడుతుంది. వస్తువు లేదు కాబట్టి విలువ లేదని కొట్టిపారేయడం ఒకటి. దృక్పథాన్ని గుమ్మం బయట విడిచి, లోపలికి వెళ్ళి, "ఇది అనుభవించవలసిందే గాని చర్చించవలసింది కాదు" అని మౌనం వహించడం రెండవది. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. నిజానికి రెండింటి వెనుకా ఉన్న నమ్మకం ఒకటే: భావస్థితి అనేది వస్తువుకు బయట ఎక్కడో తేలే ఆవిరి అని.

ఈ వ్యాసం ఆ నమ్మకాన్ని ప్రశ్నిస్తుంది. ఇంగ్లీషులో 'మూడ్' అనే మాటకు ఇక్కడ 'భావస్థితి' అని వాడుతున్నాను. సాహిత్య విద్యార్థులకు ఈ విషయం కొత్తదేమీ కాదు. విభావం లేకుండా భావం పుట్టదని మన అలంకారికులు ఏనాడో చెప్పారు. ముప్పై మూడు సంచారి భావాలలో స్మృతిని ఒకటిగా లెక్కించారు. అంటే స్మృతి తనంతట తాను నిలిచేది కాదు. దానికొక ఆలంబనం కావాలి, దాన్ని రేపే పరిసరం కావాలి. ఈ సూత్రాన్నే కాస్త ముందుకు తీసుకుపోయి నగర చిత్రానికి అన్వయిస్తే మనం అడగవలసిన ప్రశ్న ఇది: ఈ పొగమంచుకు విభావం ఏది? ఈ వెలుగు ఎక్కడిది? ఈ చిత్రకారుడు ఏది గుర్తుంచుకున్నాడు, ఏది విడిచిపెట్టాడు?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి రెండు నగరాలను, ఇద్దరు చిత్రకారులను తీసుకుందాం. లండన్‌లో విస్లర్, కలకత్తాలో గగనేంద్రనాథ్ ఠాకూర్.

నీరు, కాగితం, కాలం

ముందు సాధనం సంగతి. ఛందస్సు తెలియకుండా పద్యాన్ని తూచలేనట్టే, నీటిరంగుల స్వభావం తెలియకుండా ఈ చిత్రాలను తూచలేం.

తైలవర్ణ చిత్రకారుడు నచ్చని చోట గీకేసి మళ్ళీ వేయవచ్చు, చీకటి మీద వెలుగును పూయవచ్చు. నీటిరంగులు పారదర్శకమైనవి. అందులో తెలుపు అంటే మౌలికంగా కాగితపు తెలుపే. వెలుతురు కావలసిన చోట కుంచె ఆగిపోవాలి. చిక్కని తెల్లరంగు దొరకదని కాదు. 'చైనీస్ వైట్' పేరుతో విన్సర్ అండ్ న్యూటన్ సంస్థ దానిని 1834లోనే అమ్మకానికి పెట్టింది. అయినా ఈ కళ ప్రాణమంతా ఆ ఆగిపోవడంలోనే ఉంది. ఇందులో వెలుగు చాలావరకు పూసినది కాదు, మిగిల్చినది.

రెండవది తడి. ఆరిన కాగితం మీద రంగు పెడితే అంచు నిలుస్తుంది. తడి కాగితం మీద పెడితే రంగు పాకుతుంది, అంచు కరుగుతుంది. అంచు నిలిచిన వస్తువు దగ్గరగా, నిశ్చయంగా కనిపిస్తుంది. అంచు కరిగిన వస్తువు దూరంగానో, కదులుతున్నట్టుగానో, గతంలో ఉన్నట్టుగానో కనిపిస్తుంది. స్మృతి పనిచేసే తీరు కూడా ఇంచుమించు ఇదే. పదేళ్ళ క్రితం నడిచిన వీధిని తలచుకుంటే కిటికీల లెక్క గుర్తుండదు. ఒక మలుపు, ఒక దీపం, ఒక వాసన గుర్తుంటాయి. మిగిలినదంతా ఒక రంగుగా మారిపోతుంది. నీటిరంగుల చిత్రం చూస్తే "ఎక్కడో చూసినట్టుంది" అనిపించడానికి కారణం ఇందులో కొంత ఉంది. అది మార్మికమైనదేమీ కాదు. కాగితం ఆరే వేగాన్ని ఎరిగిన చేతి నేర్పు.

మూడవది ఈ సాధనానికున్న సామాజిక చరిత్ర. 1780ల నాటికి ఇంగ్లండులో రీవ్స్ వారి గట్టి రంగు బిళ్ళలు బజారుకొచ్చాయి. 1830లలో తేమ నిలిచే మెత్తని బిళ్ళలు వచ్చాయి. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ నొక్కితే రంగు వచ్చే తగరపు గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. రంగును నూరుకునే శ్రమ చిత్రశాలను వదిలి కర్మాగారానికి పోయింది. చిత్రకారుడు చిన్న పెట్టెతో వీధిలోకి రాగలిగాడు. ఇంప్రెషనిస్టులు ఆరుబయట వెలుతురును పట్టుకున్నారని చెప్పుకునేటప్పుడు ఈ గొట్టాన్ని, వాళ్ళను ఊరి చివరకు చేర్చిన రైలును కూడా చెప్పుకోవాలి. నగరాన్ని పెంచిన పరిశ్రమే నగరాన్ని చిత్రించే సాధనాన్నీ ఇచ్చింది.

పికడిల్లీ వీధి

జేమ్స్ మెక్నీల్ విస్లర్ 1834లో అమెరికాలో పుట్టాడు. పారిస్‌లో కళ నేర్చుకుని 1859లో లండన్ చేరాడు. 1903లో అక్కడే మరణించాడు. 1874 నుంచి పారిస్‌లో మోనే, పిసారో, దెగా మొదలైనవారు జరిపిన ఇంప్రెషనిస్టు ప్రదర్శనల్లో అతడు పాల్గొనలేదు. కాని క్షణికమైన వెలుతురును, వాతావరణాన్ని వస్తువుగా తీసుకోవడంలో వాళ్ళకు దగ్గరివాడు. అతని రాత్రి దృశ్యాలకు 'నాక్టర్న్' అని పేరు. సంగీతం నుంచి తెచ్చిన ఈ మాటను సూచించింది అతని పోషకుడు, లివర్‌పూల్ ఓడల యజమాని లేలండ్.

1880లలో విస్లర్ నీటిరంగుల వైపు గట్టిగా మళ్ళాడు. 1884లో లండన్‌లో జరిపిన ప్రదర్శనలో ఇలాంటి చిన్న చిత్రాలనే ఎక్కువగా ఉంచాడు. 1881-83 ప్రాంతాల వేసిన 'నాక్టర్న్ ఇన్ గ్రే అండ్ గోల్డ్ – పికడిల్లీ' అన్న చిత్రం ఇప్పుడు డబ్లిన్‌లోని ఐర్లండ్ జాతీయ చిత్రశాలలో ఉంది. మన నోటుపుస్తకం కంటె పెద్దగా ఉండని కాగితం. పికడిల్లీ లండన్‌లో సంపన్నులు తిరిగే వీధుల్లో ఒకటి. కాని చిత్రంలో భవనాల గొప్ప కనిపించదు. కాగితమంతా పలుచని బూడిదరంగు పరచుకుని ఉంది. అందులో అక్కడక్కడ పసుపు దీపాల మెరుపు. బండ్లు, మనుషులు నల్లని మరకలుగా పొగమంచులోంచి సగం బయటికి వచ్చి ఆగిపోయినట్టుంటారు. ఎవరికీ ముఖం లేదు. బండి ఎక్కడ ముగిసి మనిషి ఎక్కడ మొదలవుతాడో తేల్చి చెప్పలేం.

దీన్ని చూసే పద్ధతి ఒకటుంది. మొదటి చూపులో వస్తువుల పేర్లు వెతకవద్దు. కన్ను దేని దగ్గర ఆగుతున్నదో గమనించండి. తప్పకుండా దీపాల దగ్గర ఆగుతుంది, ఎందుకంటే బూడిదరంగు మధ్య వెచ్చదనం ఉన్నది అక్కడే. అక్కడినుంచి కన్ను పక్క దీపానికి దూకుతుంది. దీపాల వరుసే వీధికి దూరాన్ని ఇస్తుంది. ఆ తర్వాత నల్లని మరకలు కదలడం మొదలుపెడతాయి. మనమూ ఆ గుంపులో ఒకరమై చలిలో ఇల్లు చేరాలని తొందరపడుతున్నట్టు తోస్తుంది. ఇదంతా జరిగాక గాని అది ఫలానా వీధి అన్న సంగతి అవసరం పడదు. కథలో వాతావరణం ముందు కుదిరి పాత్రల పేర్లు తర్వాత వచ్చినట్టుగా ఇక్కడ భావస్థితి ముందు, సమాచారం తర్వాత.

జ్ఞాపకానికి శిక్షణ

ఇంత తక్కువతో ఇంత ఎలా చెప్పగలిగాడు? స్ఫూర్తి అని చెప్పి తప్పుకోవడం తేలిక. విస్లర్ విషయంలో జవాబు శిక్షణ.

పారిస్‌లో లెకోక్ ద బ్వాబోద్రాఁ అనే చిత్రకళోపాధ్యాయుడు ఉండేవాడు. చూసిన దానిని జ్ఞాపకం నుంచి గీయడం నేర్పడం అతని పద్ధతి. 1848లో దీని మీద ఒక చిన్న పుస్తకం కూడా ప్రచురించాడు. ముందు చిన్న వస్తువు, క్రమంగా క్లిష్టమైనవి. చివరికి విద్యార్థి చిత్రశాలకు వెళ్ళి ఒక చిత్రాన్ని పరిశీలించి, ఇంటికి వచ్చి, చూడకుండా గీయాలి. అతని శిష్యులైన ఫాంతఁ లాతూర్, లెగ్రో విస్లర్‌కు ఆప్తమిత్రులు.

విస్లర్ తైలవర్ణ నాక్టర్న్‌లు ఈ దారిలోనే పుట్టాయి. రాత్రి థేమ్స్ ఒడ్డున నిలబడి దృశ్యాన్ని శ్రద్ధగా చూసేవాడు. తర్వాత దానికి వీపు తిప్పి, ఆకాశం ఏ రంగు, ఒడ్డు ఎంత నలుపు, దీపాలు ఎక్కడెక్కడ అని పక్కనున్న మిత్రుడికి పాఠంలా అప్పజెప్పేవాడు. ఆ మిత్రుడు దృశ్యాన్ని చూస్తూ సరిపోయిందా లేదా చెప్పేవాడు. తప్పు పోతే మళ్ళీ చూడడం, మళ్ళీ అప్పజెప్పడం. చిత్రం మర్నాడు గదిలో. పికడిల్లీ కాగితం మీద ఉన్న పొదుపు వెనుక ఇటువంటి ఏళ్ళ సాధన ఉంది.

ఇందులో రచయితలకు పనికొచ్చే విషయం ఒకటుంది. స్మృతి అంటే గతాన్ని తలచుకుని కళ్ళు చెమర్చుకోవడం కాదు. విస్లర్‌కు స్మృతి ఒక జల్లెడ. వీపు తిప్పగానే నిలవనిది చిత్రానికి అనవసరమని అతని లెక్క. జ్ఞాపకం ఇక్కడ ఊహకు విరుద్ధమైనది కాదు, పరిశీలనకు విరుద్ధమైనది అంతకన్నా కాదు. అది పరిశీలనలోని రెండవ దశ.

అయితే ప్రతి జల్లెడకూ రంధ్రాల కొలత ఒకటుంటుంది. ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్నది కన్ను ఒక్కటే నిర్ణయించదు. ఆ కన్ను ఏ పక్కన నిలబడి చూస్తున్నదో అది కూడా నిర్ణయిస్తుంది.

ఒకే బొగ్గు, రెండు రంగులు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ పొగమంచుకు విభావం ఏది?

లండన్ పొగమంచు ప్రకృతి దృశ్యం మాత్రమే కాదు. 1881 జనగణన నాటికి నగరమూ శివార్లూ కలిపి సుమారు 47 లక్షల జనం. ప్రతి ఇంటి పొయ్యిలో, ప్రతి కర్మాగారం కొలిమిలో కాలేది బొగ్గు. ఆ పొగ నదీలోయ తేమతో కలిసి దినాల తరబడి నగరం మీద కూర్చునేది. 1880 జనవరి, ఫిబ్రవరి నెలల్లో అలా పట్టిన పొగమంచు వల్ల నగరంలో మరణాలు మామూలు కంటె బాగా పెరిగాయి. ఆ ఏడే రోలో రసెల్ 'లండన్ ఫాగ్స్' అనే కరపత్రం ప్రచురించి ఇళ్ళ పొయ్యిల పొగను నేరుగా వేలెత్తి చూపాడు. మన పికడిల్లీ చిత్రం దాని తర్వాత ఒకటి నుంచి మూడేళ్ళ లోపలిది. ఆ పొగను చట్టంతో అదుపు చేయడానికి 1952 డిసెంబరు పొగమంచులో వేలమంది చచ్చిపోయి, 1956లో స్వచ్ఛవాయు చట్టం వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

ఇక దీపాలు. ఆ కాలపు లండన్ వీధుల్లో వెలిగేవి ఎక్కువగా గ్యాసు దీపాలు. ఆ గ్యాసు ఎక్కడిది? బొగ్గును మూసిన బట్టీలలో కాల్చి తీసినది. అంటే చిత్రం పేరులో ఉన్న రెండు రంగులకూ మూలం ఒక్కటే. బూడిదరంగు కాలిన బొగ్గు, బంగారురంగు వెలిగిన బొగ్గు. ఏ రెంటి సామరస్యాన్ని విస్లర్ కనుగొన్నాడో ఆ రెంటినీ ఆ కాగితం కంటె ముందు గనికార్మికుడూ, గ్యాసు బట్టీ కార్మికుడూ కలిపారు. ఈ సంగతి తెలిశాక చిత్రం అందం తగ్గదు. కాని ఆ అందం ఆకాశం నుంచి రాలిపడిందని ఇక అనుకోలేం. భావస్థితికి చరిత్ర ఉంది.

టర్నర్, మోనే చిత్రాలను పరిశీలించి 2023లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించిన అధ్యయనం కూడా ఇటువైపే పోతుంది. పారిశ్రామిక విప్లవ కాలంలో గాలిలో కాలుష్యం పెరిగిన కొద్దీ వాళ్ళ చిత్రాల్లో అంచులు మసకబారడం, తెలుపు పాలు పెరగడం కనిపిస్తున్నదని వారు లెక్కగట్టారు. శైలి అంతా పొగ వల్లనే పుట్టిందని దీని అర్థం కాదు. అదే పొగలో బతికిన వేరే చిత్రకారులు స్పష్టమైన అంచులే గీశారు. పరిసరం అవకాశాన్ని ఇస్తుంది, చిత్రకారుడు దాన్ని ఎంచుకుంటాడు. మూలానికీ రూపానికీ ఉన్న సంబంధం యాంత్రికమైనది కాదని మనం సాహిత్యంలో చెప్పేమాట చిత్రకళకూ వర్తిస్తుంది.

మరి విస్లర్ ఎంచుకున్నదేమిటి? లండన్ వచ్చిన కొత్తలో, 1859 ప్రాంతాల, అతడు థేమ్స్ రేవుల్లో పనిచేశాడు. వాపింగ్, రోథర్‌హైత్ పేటల గోదాములను, పడవలను, సున్నం కాల్చే మనిషిని, రేవు జనాన్ని రాగిరేకు మీద గీసి ఎచింగులు తీశాడు. వాటిలో గోదాము గోడ మీది ప్రతి పలకా కనిపిస్తుంది, ముందు కూర్చున్న మనిషికి ముఖం ఉంటుంది. 1862లో వాటిని చూసి మెచ్చుకున్నవాడు కవి బోదలేర్. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అదే నది, అదే నగరం; మనుషులు మాత్రం మరకలయ్యారు.

దీనికి విస్లర్ సిద్ధాంతం చెప్పుకున్నాడు. 1876లో వేసిన ఒక తైలవర్ణ నాక్టర్న్‌లో మంచు కురిసిన చెల్సీ వీధి, వెలుగుతున్న సారాయి దుకాణం, దాని వైపు ఒంటరిగా నడిచే నల్లని మనిషి ఉంటారు. డికెన్స్ కథ 'ది చైమ్స్'లోని బీద కూలివాడు ట్రాటీ వెక్ పేరు దానికి పెడితే మంచి ధర వస్తుందని మిత్రుడొకడు సలహా ఇచ్చాడట. విస్లర్ ఒప్పుకోలేదు. ఆ మనిషి గతం, వర్తమానం, భవిష్యత్తు తనకు పట్టవనీ, అక్కడ నలుపు అవసరమైంది కాబట్టి ఉంచాననీ 1878లో రాశాడు.

ఈ మాటను ఒక్కదెబ్బతో ఖండించడం సులువు. కాని అందులో సగం సత్యం ఉంది, దాన్ని ముందు ఒప్పుకోవాలి. బొమ్మకు బీదవాడి పేరు తగిలించి జాలిని అమ్ముకోవడం అభ్యుదయం కాదు. రూపంలో సాధించలేనిది శీర్షికతో సాధించాలనుకోవడం మన కవిత్వంలోనూ ఉన్న జబ్బే. విస్లర్ నిరాకరించింది ఆ వ్యాపారాన్ని. అంతవరకు అతని వైపే న్యాయం. కాని అక్కడితో ఆగక మనిషికీ నలుపుకూ తేడా లేదనే దాకా వెళ్ళాడు. 1885లో, అదే పికడిల్లీ వీధిలోని ప్రిన్సెస్ హాలులో ఇచ్చిన ప్రసిద్ధ ఉపన్యాసంలో, సాయంత్రపు మంచు నది ఒడ్డును కప్పినప్పుడు పొగగొట్టాలు గంటాగోపురాలుగా, గోదాములు రాజసౌధాలుగా మారతాయని వర్ణించాడు. ఆ వేళకు పనివాడూ పండితుడూ ఇళ్ళకు పోతారు, ప్రకృతి కళాకారుడికి మాత్రమే పాడుతుందన్నాడు. పొగగొట్టం కింద రాత్రి పని నడుస్తున్నదన్న సంగతి ఆ వాక్యంలో లేదు. పనివాణ్ణి ఇంటికి పంపించి గాని ఆ అందం నిలబడలేదు. ఇది స్మృతి జల్లెడలోంచి జారిపోయిన అంశం. పొరపాటున కాదు, సిద్ధాంతపూర్వకంగా.

అయినా చిత్రం ఎప్పుడూ చిత్రకారుడి ప్రకటన కంటె పెద్దది. పికడిల్లీలో ముఖం లేని ఆ జనం నిజంగానే మహానగర జనం. పక్కపక్కనే నడుస్తూ ఒకరికొకరు తెలియని జనం. లక్షలమంది ఒకచోట చేరిన కొద్దీ మనిషి మనిషికి మరకగా కనిపించే ఆ స్థితిని విస్లర్ సమర్థించినా, చిత్రించాడు. ఆ కాగితంలో ఉన్న దిగులు అక్కడిది.

కలకత్తా వాన

లండన్ నుంచి కలకత్తాకు రావడానికి కారణం ఉంది. ఆ బొగ్గు, ఆ ఓడలు, ఆ వ్యాపారం నడిపిన సామ్రాజ్యానికి 1911 దాకా ఇండియాలో రాజధాని కలకత్తా. ఇక్కడా జనపనార మిల్లుల పొగ ఎంతగా ముసిరిందంటే 1905లో బెంగాల్ పొగ నిరోధక చట్టం చేయవలసి వచ్చింది. మసక వెలుతురు ఈ నగరానికీ ఉంది. దాన్ని చూసిన కన్ను వేరు.

గగనేంద్రనాథ్ ఠాకూర్ 1867లో జోడాసాంకో ఇంట పుట్టాడు. అవనీంద్రనాథ్‌కు అన్న, రవీంద్రనాథ్‌కు అన్న వరసైన గుణేంద్రనాథ్ కొడుకు. 1903లో జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చి ఠాకూర్ల ఇంట పరిచయమయ్యారు. వారి పని చూసి అవనీంద్రనాథ్ రూపొందించుకున్నదే 'వాష్' పద్ధతి. రంగు వేసి, ఆరాక కాగితాన్ని నీటిలో ముంచి, మళ్ళీ రంగు వేసి, మళ్ళీ ముంచుతారు. ఇలా పలుమార్లు చేస్తే రంగు కాగితంలోకి ఇంకి, చిత్రమంతా ఒకే మసక వెలుతురులో నిలుస్తుంది. ఈ పద్ధతి మన తెలుగు నేలకు బందరు ఆంధ్ర జాతీయ కళాశాల ద్వారా వచ్చింది. అక్కడ ప్రమోదకుమార ఛటర్జీ వద్ద అడివి బాపిరాజు వంటివారు నేర్చుకున్నారు.

బెంగాల్ శైలి చిత్రకారుల్లో ఎక్కువమంది ఈ మసకను పురాణాల మీద, మొగలుల మీద, పోయిన వైభవం మీద పరిచారు. వలస పాలనలో ఉన్న జాతికి గతం ఒక ఆసరా, నిజమే. కాని ఆ మసక త్వరలోనే అలవాటైపోయింది. ఏ బొమ్మ చూసినా ఒకే కల. ఇదే కాలంలో మన భావకవిత్వానికి పట్టిన గతీ ఇదే: మొదట ఆవేదనగా వచ్చినది తర్వాతి వారి చేతిలో పదజాలంగా మిగిలిపోయింది.

గగనేంద్రనాథ్ ఆ మసకను తెచ్చి తన వీధి మీద వేశాడు. వానలో తడిసే కలకత్తా మేడలు, చీకటి పడే వేళ మిద్దెలు, దీపాల వెలుగులో ప్రతిమ నిమజ్జనానికి సాగే జనసందోహం అతనికి వస్తువులయ్యాయి. రవీంద్రనాథ్ 'జీవనస్మృతి' 1912లో గ్రంథంగా వచ్చినప్పుడు దానికి బొమ్మలు వేసింది అతడే. ఆ పుస్తకం మొదట్లోనే రవీంద్రుడు, స్మృతి చరిత్ర రాసే గుమాస్తా కాదు, తనకు తోచినట్టు బొమ్మలు వేసే చిత్రకారుడనే అర్థం వచ్చేలా చెబుతాడు. అటువంటి గ్రంథానికి బొమ్మలు వేయడమంటే ఒకరి జ్ఞాపకాన్ని మరొకరు గీయడం. అది ఎలా సాధ్యం? ఇల్లు ఒకటే, వరండా ఒకటే, వాన ఒకటే కాబట్టి సాధ్యం. ఇక్కడ స్మృతి వ్యక్తిది కాదు, ఇంటిది, పేటది. పూర్తిగా నలుపు తెలుపుల్లో, కొన్ని మరకలతో, పెద్ద ఖాళీలతో సాగే ఆ బొమ్మల్లో పాఠకుడు తన చిన్ననాటి ఇంటిని ఉంచుకోవడానికి చోటు ఉంది.

ఇందులోనూ పరిమితి లేకపోలేదు. ఆ వాన జమీందారీ ఇంటి వరండా మీదినుంచి చూసిన వాన. గుడిసె మీద పడే వాన కాదు. నిమజ్జన జనాన్ని కూడా అతడు కొంత దూరం నుంచే చూస్తాడు. కాని విస్లర్‌కూ ఇతనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. గగనేంద్రనాథ్ మసకను సిద్ధాంతంగా మార్చుకోలేదు. మసకతో చెప్పలేని సంగతి ఎదురైనప్పుడు గట్టి నల్లగీత పట్టుకున్నాడు. 1917లో వచ్చిన 'విరూప వజ్ర', 'అద్భుత లోక', 1921లో వచ్చిన 'నవ హుల్లోడ్' లిథోగ్రాఫు సంపుటాల్లో బాబుల నక్కవినయాన్ని, పురోహితుల కపటాన్ని, దొరల పాలనను వ్యంగ్య చిత్రాలుగా చెండాడాడు. అక్కడ ముఖాలకు అంచులున్నాయి. ఎక్కడ అంచు కరగాలో, ఎక్కడ నిలవాలో తెలియడమే దృక్పథం.

రచయితకు దక్కేదేమిటి

ఈ రెండు ఉదాహరణల నుంచి నగర జలవర్ణ చిత్రాన్ని చూసే పద్ధతి ఒకటి తేలుతుంది. మొదట చిత్రానికి లొంగండి. కన్ను ఎక్కడ ఆగిందో, ఏ రంగు వెచ్చగా ఉందో, ఏ అంచు కరిగిందో గమనించండి. ఈ మెట్టు ఎక్కకుండా సామాజిక విశ్లేషణకు దూకేవాడు చిత్రాన్ని గాక తన అభిప్రాయాన్ని చూస్తున్నాడు. రెండవ మెట్టు, ఆ భావస్థితికి పదార్థం వెతకడం. మంచు దేనిది, వెలుగు దేనిది, ఈ వేళ వీధిలో ఎవరుంటారు, ఎందుకుంటారు? మూడవది, చూసే మనిషి ఎక్కడ నిలబడ్డాడో పోల్చడం. వీధిలోనా, కిటికీ దగ్గరా, వరండా మీదా? చివరిది, లేనిదాన్ని అడగడం. అయితే లేనిదంతా లోపం కాదు. నీటిరంగుల్లో వదిలేసిన కాగితమే వెలుగు. వదలడం వల్ల వెలుగు వచ్చిందా, లేక ఒక మనిషి మాయమయ్యాడా అన్నదే తేల్చవలసిన సంగతి.

ఈ చివరి తేడా మన రచనకు మరీ అవసరం. నగరం గురించి కవిత రాసేవారు ఈనాడు రెండు రకాలుగా కనిపిస్తారు. ఒకరు వానను, దీపాన్ని, ఒంటరితనాన్ని రాసి అక్కడ ఆగిపోతారు. ఆ దీపానికి నూనె ఎవరు పోశారని అడిగితే కవిత్వం చెడిపోతుందని భయం. మరొకరు నూనె పోసినవాడి జీతం లెక్క రాస్తారు గాని దీపం వెలగదు. మొదటివారికి బొగ్గు సంగతి చెప్పాలి. రెండవవారికి కాగితం ఆరేలోపు చేయవలసిన పని సంగతి చెప్పాలి. బూడిదరంగూ బంగారురంగూ ఒకే బొగ్గు నుంచి వచ్చాయని తెలిసిన కవి ఆ వీధిని రాస్తే అందులో వాన తగ్గదు, చలి తగ్గదు, దిగులు తగ్గదు. ఆ దిగులు ఎవరిదో మాత్రం తెలుస్తుంది.

భావస్థితిని భావవాదులకు వదిలేయనక్కరలేదు. శ్రమచేసే మనిషికి ఆకలి ఎంత నిజమో, పని దిగి ఇంటికి పోయేవేళ తడిసిన వీధిలో మెరిసే దీపం కూడా అంతే నిజం. విస్లర్ ఆ మనిషిని ఇంటికి పంపించి ఆ దీపాన్ని తానొక్కడే చూశాననుకున్నాడు. ఆ మనిషి కూడా దాన్ని చూస్తూనే నడిచాడు. అతని కంటితో ఆ వీధిని గుర్తుచేసుకోవడం మన రచయితల ముందున్న పని.